కంపవాతము: మందు విషయమున ఇంటివారి కర్తవ్యము

“రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే” అని మనలో ఒక సామెత కలదు. కోరికయు హితమును ఒకటియైనప్పుడు ఇంటివారికి చిక్కేమియు ఉండదు. జ్వరమునకో, దెబ్బకో మందు తెచ్చునప్పుడు మన పని అంతే. వైద్యుడు వ్రాసి యిచ్చును, మనము కొని తెత్తుము, రోగి మ్రింగును, పది దినములలో లేచి తిరుగును. కాని కొన్ని వ్యాధులు ఇంటిలోనికి వచ్చి మనతో కాపురము చేయును. వానికి ఏ మందు, ఎంత, ఎప్పుడు అను ప్రశ్న ఒకనాటితో తీరదు; ఏండ్ల తరబడి మరల మరల ఎదురగుచునే యుండును. అట్టి వ్యాధులలో ఒకటియైన పార్కిన్సన్ వ్యాధిని గుఱించి, దానితో మా ఇంట 12 సంవత్సరములు గడిపిన అనుభవముతో, నాలుగు మాటలు మనవి చేయదలచితిని. నేను వైద్యుడను కాను. మోతాదులు చెప్పుటకు నాకు అధికారము లేదు. మందును గుఱించి ఇంటిలో జరుగు తర్జనభర్జనలు మాత్రము నాకు బాగుగా తెలియును.

మా నాన్నగారు బాపట్లలో తెలుగు పండితులుగా పనిచేసి 1998లో పదవీ విరమణ చేసిరి. నాటినుండి ప్రతిదినము ఉదయము రామకోటి వ్రాయుట ఆయన నియమము. అవి గడికొక నామము చొప్పున వ్రాయు పుస్తకములు. 2009 ప్రాంతమున ఆ గడులలోని అక్షరములు చిన్నవగుట ఆరంభించినవి. మొదట గడి నిండుగా నుండెడి నామము పోను పోను ఒక మూలకు ఒదిగినది. పుట పైభాగమున పెద్దదిగా నున్న అక్షరము అడుగునకు వచ్చుసరికి చీమలబారు వలె నయ్యెడిది. “కళ్ళజోడు మార్పించండి” అని అమ్మ అన్నది. కళ్ళజోడు మార్పించితిమి. అక్షరము పెరుగలేదు. తరువాత నడచునప్పుడు కుడిచేయి ఊగుట మానినది. ముఖమున నవ్వు తగ్గినది. నాన్నగారికి మాపై ఎందుకో కోపము వచ్చినదని మేము కొన్నాళ్ళు భయపడితిమి. చేయి ఊరక ఒడిలో పెట్టుకొని యున్నప్పుడు బొటనవ్రేలు జపమాల త్రిప్పుచున్నట్లు కదలుట మొదలైన పిమ్మట, 2011లో, ఒక నరాల వైద్యుని వద్దకు పోతిమి. ఆయన కాగితము మీద నాలుగు పంక్తులు వ్రాయించి చూచి, నడిపించి చూచి, వ్యాధి పేరు చెప్పిరి.

ఈ వ్యాధిని లండను వైద్యుడైన జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల లక్షణములను చూచి ఒక చిన్న గ్రంథమున వర్ణించెను. తరువాత ఫ్రెంచి వైద్యుడైన షార్కో దీనికి ఆయన పేరే పెట్టెను. మన ఆయుర్వేదమున కంపవాతమను పేర చెప్పినది చాలవఱకు దీనిని పోలియున్నది. పేరులో కంపమున్నను అసలు బాధ వణకుట ఒక్కటే కాదు. కదలిక మందగించుట, కండరములు బిగిసికొనుట, అడుగు పడకపోవుట ఎక్కువ బాధించును. కొందఱు రోగులకు వణకు ఉండనే ఉండదు.

మెదడు నడిమి భాగమున నల్లని రంగు గల ఒక చిన్న ప్రదేశము కలదు. అందలి జీవకణములు డోపమీన్ అను ద్రవ్యమును తయారు చేయును. మనము చేయి కదల్పదలచినప్పుడు అది సాఫీగా కదలుటకు ఈ ద్రవ్యము కావలెను. ఆ కణములు క్రమముగా నశించుటయే ఈ వ్యాధి. ఏల నశించునో పూర్తిగా తేలలేదు. నశించుటను ఆపు మందు ఇంతవఱకు లేదు. కొఱత పడిన ద్రవ్యమును పూరించి దినచర్యను సాగనిచ్చు మందులు మాత్రము కలవు.

ఆ మందు కథలో మన నేలకు తెలిసిన మొక్కలు రెండున్నవి. ఒకటి సర్పగంధి. దాని వేరునుండి తీసిన రిసర్పిన్ అను మందును రక్తపోటునకు వాడెడివారు. 1957లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ దానిని కుందేళ్ళకు ఇచ్చినప్పుడు అవి కదలలేక చతికిలబడినవి. పిమ్మట డోపా అను ద్రవ్యము ఇచ్చినంతనే లేచి తిరిగినవి. డోపమీన్ మీద చేసిన కృషికి ఆయనకు 2000లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. రెండవది, తాకినచో ఒడలెల్ల దురద పుట్టించు దూలగొండి. దాని గింజలలో ఆ డోపాయే కలదని 1937లో మదరాసులో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దానిని వేఱుచేసి చూపిరి. 1961లో వియన్నా నగరమున హోర్నికీవిచ్, బిర్క్‌మేయర్ అను వారు రోగులకు ఆ ద్రవ్యమును సూదిమందుగా ఇచ్చి కొద్ది గంటలపాటు ఫలితము చూచిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ అను వైద్యుడు నోటిద్వారా కొద్దికొద్దిగా మోతాదు పెంచుచు ఇచ్చి, నిలుకడగా గుణము కలుగునని నిరూపించెను. లెవోడోపా అను పేర నేటికిని ఈ వ్యాధికి ముఖ్యమైన మందు అదియే. అది మెదడు చేరకముందే శరీరమున మార్పు చెంది వికారము కలిగింపకుండుటకై దానితో కార్బిడోపా అను మఱొక ద్రవ్యమును కలిపి మాత్రలు చేయుదురు.

ఇంత చరిత్ర గల మందు చీటీ మా ఇంటి బీరువాలో ఏడు నెలలు పడియున్నది.

ఇంటిలో నలుగురు, నాలుగు అభిప్రాయములు. “ఒకసారి అలవాటైతే ఇక మానలేము” అని అమ్మ. “ఈ మందు ఐదేళ్ళే పనిచేస్తుందట. ముందే వాడేస్తే రేపటికి ఏం మిగులుతుంది? దాచుకుందాం” అని హైదరాబాదునుండి అన్నయ్య. ఇంతకంటె క్రొత్త మందులున్నవని అమెరికానుండి చెల్లెలు. వైద్యుడు చెప్పినట్లు చేయుదమని నాకున్నను, నలుగురిలో ఆ మాట గట్టిగా అనుటకు ధైర్యము లేదు. నాన్నగారు పడకకుర్చీలో కూర్చుండి అన్నియు వినుచుండెడివారు. ఆయనను అడుగవలెనని మాలో ఎవరికిని తోచలేదు. ఆ ఏడు నెలలలో ఆయన చొక్కా గుండీలు పెట్టుకొనుట మానిరి. సాయంకాలము గ్రంథాలయమునకు పోవుట మానిరి. ఒకనాడు స్నానాల గదిలో పడిరి.

అన్నయ్య భయము వట్టి పిచ్చిభయము కాదు. ఏండ్లు గడచిన పిమ్మట మాత్ర ప్రభావము త్వరగా తగ్గిపోవుట, శరీరము దానంతట అది ఊగుట అను చిక్కులు చాలమందికి వచ్చును. కనుకనే ఒకప్పుడు వైద్యులలోను కొందఱు లెవోడోపాను వెనుకకు నెట్టెడివారు. ఈ సంశయమును తీర్చు పరిశోధనలు తరువాత జరిగినవి. ఆఫ్రికాలోని ఘానా దేశమున మందు దొరకక ఆలస్యముగా మొదలుపెట్టిన రోగులను, ఇటలీలో ముందుగా మొదలుపెట్టినవారిని పోల్చి చూచి 2014లో ఫలితములు ప్రకటించిరి. ఆ చిక్కులు వచ్చుట వ్యాధి ముదిరిన కాలమును, దినమునకు వాడు మోతాదును బట్టియే గాని, మందు ఎన్నాళ్ళనుండి వాడిరి అనుదానిని బట్టి కాదని తేలినది. 2019లో నెదర్లాండ్స్ దేశపు పరిశోధన ప్రకటితమైనది. అందు 445 మంది రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు వెంటనే, రెండవ భాగమునకు 40 వారముల తరువాత మందు మొదలుపెట్టిరి. 80 వారముల అంతమున రెండు భాగములవారి స్థితిలోను భేదము కానరాలేదు. ముందుగా వాడినందున వ్యాధి నెమ్మదింపలేదు, హానియు కలుగలేదు. కాబట్టి దాచుకొన్నందున మిగులునది లేదు. దాచుకొన్న దినములు మాత్రము పోవును. చిన్నవయస్సున వ్యాధి వచ్చినవారి విషయమున వైద్యులు వేఱు విధముగ ఆలోచింపవచ్చును, వారికి ఊగుట త్వరగా వచ్చును గనుక. మిగిలినవారికి మందు ఎప్పుడు మొదలుపెట్టవలెననగా, వ్యాధి తన పనికి అడ్డు వచ్చుచున్నదని రోగి చెప్పినప్పుడు. ఆ మాట చెప్పవలసినది రోగియే.

ఏ మందు అను రెండవ ప్రశ్నలో నిపుణుని మాటయే ప్రమాణము. అయినను ఇంటివారు తెలిసికొని యుండవలసినవి కొన్ని కలవు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అను మందులు డోపమీన్ చేయు పనిని తామే చేయును. అవి కొందఱికి చక్కగా పనిచేయును. మఱికొందఱికి చెప్పకుండ నిద్ర ముంచుకొని వచ్చును. ఇంకొక చిక్కు కలదు. పేకాట, అదుపులేని కొనుగోళ్ళు, అతిగా తినుట, కామవాంఛ పెచ్చు పెరుగుట మొదలగునవి ఎన్నడును లేనివారిలో పుట్టుకొని రావచ్చును. 2010లో ప్రకటింపబడిన, 3,090 మంది రోగులను చూచిన ఒక పరిశోధనలో ఈ మందులు వాడువారిలో నూటికి 17 మందికి ఇట్టి వికారము కానవచ్చెను. వాడనివారిలో నూటికి 7 మందికి. గౌరవముగా బ్రతికిన పెద్దమనిషి ఈ మాట తానై వైద్యునితో చెప్పుకొనడు. ఇంటివారు దానిని దుర్బుద్ధి యని నిందింపక, మందు దోషమేమో యని వెంటనే వైద్యునికి తెలుపవలెను. వణకు కొఱకు ఇచ్చు ట్రైహెక్సీఫెనిడిల్ అను మందు వృద్ధులలో మతిమరపును, తికమకను, మలబద్ధకమును కలిగింపవచ్చును. తండ్రికి మతి తప్పుచున్నదని విచారపడుటకు ముందు మందుల జాబితా ఒకసారి చూపించుట మంచిది.

మఱొక మాట. కళ్ళు తిరుగుటకు, తలనొప్పికి వాడు సినారిజిన్, ఫ్లునారిజిన్ అను మాత్రలు ఎక్కువకాలము వాడినచో కొందఱిలో ఈ వ్యాధి లక్షణములనే కలిగించును. వ్యాధి పేరు వినగానే, అంతకు ముందునుండి వాడుచున్న మందులన్నిటిని ఒక సంచిలో వేసి వైద్యుని ముందు పెట్టవలెను. దూలగొండి చూర్ణము వాడువారు ఆ మాటయు దాపఱికము లేక చెప్పవలెను. అందున్నదియు లెవోడోపాయే కదా! చూర్ణములో అది ఎంత యున్నదో ఒక్కొక్క తయారీకి ఒక్కొక్క విధము. మాత్రతోపాటు చూర్ణము కూడ చేరినచో మోతాదు లెక్క తప్పును.

ఇక వేళ మాట. సామెతలోని పాలు ఈ వ్యాధిలో పనికిరాకపోవుట ఇక్కడనే. పాలు, పప్పు, పెరుగు, మాంసము వీనిలోని మాంసకృత్తులును లెవోడోపాయు ప్రేగులనుండి రక్తములోనికి, రక్తమునుండి మెదడులోనికి ఒకే త్రోవను పోవును. రెండును ఒక్కసారి వచ్చినచో త్రోవ ఇరుకగును, మాత్ర వెనుకబడును. మా అమ్మ ప్రతి ఉదయము వేడిపాలతో మాత్ర ఇచ్చి, “మందు పట్టడం లేదు” అని బాధపడెడిది. భోజనమునకు అరగంట ముందుగానో, తిన్న గంట తరువాతనో, మంచినీళ్ళతో ఇవ్వుడని వైద్యుడు చెప్పిన పిమ్మట అదే మాత్ర పట్టినది. పాలు, పప్పు పూర్తిగా మాన్పింపరాదు, బలము క్షీణించును. వేళ మార్చినచో చాలును. ఇనుము కలిసిన మాత్రలకును మధ్య రెండు గంటల ఎడము ఉండవలెను.

అంకెలను కూడ చూచుకొనవలెను. ఒకే పేరుమీద 110, 125, 275 అని మాత్రలు దొరకును. 110 అనగా లెవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10. 125 అనగా 100, 25. 275 అనగా 250, 25. ఒకటి లేదని దుకాణదారుడు మఱొకటి ఇచ్చినచో రెండింతలకు మించిన మోతాదు కడుపులోనికి పోవచ్చును. మెల్లగా కరగునట్లు చేసిన మాత్రలను నలుగగొట్టి ఇవ్వరాదు.

నాన్నగారు మందు మొదలుపెట్టిన తరువాత నాలుగైదు సంవత్సరములు సుఖముగా గడచినవి. మరల గ్రంథాలయమునకు పోయిరి. రామకోటిలో అక్షరము మరల గడి నిండినది. 2016 నాటికి మాత్ర ప్రభావము నాలుగు గంటలు నిలువకుండుట మొదలైనది. మాత్ర వేసిన గంటకు శరీరము తీగ వలె ఊగెడిది. మరల మాత్రకు ముందు బండ వలె బిగిసికొనెడివారు. ఊగుట చూచుటకు మాకు కష్టముగా నుండెడిది. ఆయన కుర్చీలో కూర్చున్నచో భుజములు, తల, కాళ్ళు ఒక్క క్షణము ఊరకుండెడివి కావు. వచ్చినవారు చూపు త్రిప్పుకొనెడివారు.

2017లో మా అన్నయ్య కుమార్తె వివాహము. ముహూర్తము రాత్రి 8 గంటల 40 నిమిషములకు. నాన్నగారి మాత్ర వేళ 7 గంటలు. మాత్ర వేసినచో సరిగా ముహూర్తము వేళకు ఊగుట ఆరంభమగును. వియ్యాలవారి ముందు, అంతమంది బంధువుల నడుమ, ఆయన అట్లు ఊగుట బాగుండదని అన్నయ్యయు నేనును ఆలోచించి, “ఒక్క పూటే కదా” అని ఆ మాత్ర ఆపివేసితిమి. ఆయనకు చెప్పలేదు. పట్టుపంచె కట్టి, ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చుండబెట్టితిమి. ఆయన ఏమాత్రమును ఊగలేదు. ఫొటోలలో మిక్కిలి నిశ్చలముగా, గంభీరముగా నున్నారు.

మఱునాడు ఉదయము మాత్ర పట్టి మాట వచ్చిన తరువాత నన్ను పిలిచిరి. “నిన్న అక్షతలు నా గుప్పిట్లోనే ఉండిపోయాయిరా. వెయ్యి తెరుచుకోలేదు. ఆ పిల్ల వచ్చి కాళ్ళకు దణ్ణం పెడితే తల మీద చెయ్యి వేయలేకపోయాను. ఏడు గంటల మాత్ర ఏమైంది?” అని అడిగిరి. అబద్ధము చెప్పలేక నిజము చెప్పితిని. ఆయన కోపపడలేదు. చాలసేపు మాటాడలేదు.

ఆ వారమే ఆయనను వైద్యుని వద్దకు తీసికొనిపోతిమి. మేము అలవాటు చొప్పున ఊగుటను గుఱించి మొదలుపెట్టితిమి. వైద్యుడు మమ్ము ఆపి, ఆయన వంక తిరిగి, “మీకు ఏది కష్టంగా ఉంది మాస్టారూ, ఊగడమా, బిగుసుకుపోవడమా?” అని అడిగిరి. ఆరేండ్లలో ఆయనను ఆ ప్రశ్న అడిగినవారు అంతవఱకు లేరు. నాన్నగారు మెల్లగా ఇట్లనిరి: “ఊగితే చూసేవాళ్ళకు కష్టం. బిగుసుకుంటే నాకు కష్టం.”

ఈ మాట చెప్పుటకే నేడు నేను మీ ముందుకు వచ్చితిని. ఈ వ్యాధి మందులలో ప్రతి నిర్ణయమును ఒకటి పోగొట్టుకొని ఒకటి పొందునట్టిదే. కదలిక కావలెనన్నచో కొంత ఊపు భరింపవలెను. నిశ్చలత కావలెనన్నచో కొంత బిగువు భరింపవలెను. ఏది భరింపగలము అని నిర్ణయించు హక్కు భరించువానిది. ప్రేమగల ఇంటివారు సైతము తమ కన్నులకు కష్టమైనదానినే రోగికి కష్టమని భ్రమపడుదురు. మేము భ్రమపడితిమి. వైద్యులు ఎఱిగిన విషయమేమనగా, చాలమంది రోగులు ఊగుటనైనను సహింతురు గాని బిగిసికొని యుండుటను సహింపరు.

వైద్యుడు తరువాత ఇంకొక ప్రశ్న అడిగిరి: “రోజులో ఏ వేళ మీకు బాగుండాలి?” అని. “పొద్దున ఒక గంట. వ్రాసుకోవాలి” అని నాన్నగారు చెప్పిరి. ఏ వేళ ఎట్లున్నారో ఒక వారముపాటు గుర్తించి తెమ్మని వైద్యుడు మమ్ము పంపిరి. ఇంటిలో మిగిలియున్న ఒక రామకోటి పుస్తకమును అమ్మ తీసినది. గడియొకటికి అరగంట. బాగున్నచో సున్న, బిగిసినచో నిలువుగీత, ఊగినచో అల. భోజనము, మాత్ర, నిద్ర కూడ ప్రక్కన వ్రాసినది. వైద్యుడు మనలను చూచునది పది నిమిషములు. ఆ పది నిమిషములలో రోగి ఏ స్థితిలో నుండునో అదియే ఆయనకు కనబడును. మిగిలిన దినమంతయు ఆ గడులలో ఆయనకు కనబడినది. అది చూచి, ఒక్కొక్క మాత్రలో మందు తగ్గించి మాత్రల సంఖ్య పెంచిరి. మొదటి మాత్రను ఉదయము 6 గంటలకు జరిపిరి. ఊపు తగ్గుటకు అమాంటడిన్ అను మఱొక మందు కొద్దిగా చేర్చిరి. ఒక్కసారి ఒక్క మార్పే చేయుట, దాని ఫలితము చూచిన పిమ్మటనే రెండవది తలపెట్టుట ఆయన పద్ధతి. ఇంటివారు కూడ ఈ ఓర్పు నేర్చుకొనవలెను. నాలుగు మార్పులు ఒక్కసారి చేసినచో ఏది గుణమో, ఏది దోషమో ఎవరికిని తెలియదు.

మందులతో సరిపడనివారిలో తగినవారికి మెదడులోనికి సన్నని తీగ పంపి విద్యుత్తుతో ప్రేరేపించు శస్త్రచికిత్స కలదు. దీనిని 1987లో ఫ్రాన్సులో బెనబిడ్ అను వైద్యుడు మొదలుపెట్టెను. హైదరాబాదులోను ఇది జరుగుచున్నది. నాన్నగారు వయస్సును తలచుకొని వలదనిరి. ఈసారి ఆయన మాట వింటిమి.

2020లో మూత్రమునకు సంబంధించిన జ్వరముతో ఆయన ఒక ఆసుపత్రిలో చేరిరి. అక్కడివారు అందఱి మాత్రలతోపాటు తమ వేళకే ఈ మాత్రలును ఇచ్చిరి. వాంతికి ఒక సూది వేసిరి. మఱునాటికి ఆయన కనురెప్ప మాత్రమే కదలినది. ఆ సూదిలోనిది మెటోక్లోప్రమైడ్. ఈ వ్యాధి గలవారికి అదియు, ప్రోక్లోర్‌పెరజీన్, హాలోపెరిడాల్ అను మందులును కూడనివి. అవి డోపమీన్ పనిని అడ్డగించును. ఇట్టి మందుల పేర్లు, మాత్రల వేళలు ఒక అట్టముక్క మీద వ్రాసి, ఆసుపత్రికి పోవునప్పుడు రోగి దిండు క్రింద కాక, మంచము తలవైపున అందఱికిని కనబడునట్లు కట్టుడు. మఱొక హెచ్చరిక. విసుగు పుట్టియో, ఉపవాసమనియో, శస్త్రచికిత్స యనియో ఈ మందులను ఒక్కసారిగా మానరాదు. తీవ్రమైన జ్వరము, బిగువు, స్మృతి తప్పుట కలిగి ప్రాణాపాయమునకు దారి తీయవచ్చును. మేము పెండ్లినాడు ఒక్క మాత్ర ఆపితిమి గనుక గండము గడచినది. అది మా తెలివి కాదు.

2021లో నాన్నగారికి పెరటిలో పిల్లలు ఆడుకొనుచున్నట్లు కనబడ నారంభించిరి. లేని పిల్లలు. “ఈ మందులన్నీ ఆపేయండి” అని అమ్మ ఏడ్చినది. మతికి వేఱొక మందు ఇప్పింతమని అన్నయ్య అనెను. వైద్యుడు ముందు మూత్రపరీక్ష చేయించిరి. వృద్ధులలో ఆ జ్వరమే ఇట్టి భ్రమలకు కారణము కావచ్చును. అది లేదని తేలిన తరువాత మందులను ఒక్కొక్కటిగా తగ్గింపవలెనని చెప్పిరి. లెవోడోపా చివరకు ముట్టవలసినది. ముందు అమాంటడిన్ తీయవలెను. అది తీసినచో ఊపు మరల వచ్చును. ఈసారి మేము బయటికి పోయి చర్చింపలేదు. తెలివి తేటగానున్న ఉదయపు వేళ ఆయననే అడిగితిమి. “ఊగినా ఫరవాలేదు. లేనివాళ్ళు కనపడకూడదు” అనిరి. అట్లే చేసితిమి. పిల్లలు కొద్దినాళ్ళలో మాయమైరి. ఊపు కొంత మరల వచ్చినది. వచ్చినవారు చూపు త్రిప్పుకొన్నచో త్రిప్పుకొనిరి.

ఈ వ్యాధి గల పెద్దలు మీ ఇంటనున్నచో, రేపు వైద్యుని వద్దకు పోవుటకు ముందు ఒక అరగంట వారి ప్రక్కన కూర్చుండుడు. మాట మెల్లగా వచ్చును, ముఖమున భావము కనబడదు. కనుక తెలియదనియు, పట్టింపు లేదనియు అనుకొనకుడు. దినములో ఏ గంట మీకు ముఖ్యము, ఏ బాధ మీకు ఎక్కువ అని అడుగుడు. వారి జవాబు వారి మాటలలోనే వ్రాసికొని పొండు. మిగిలినది వైద్యుడు చూచుకొనును.

నాన్నగారు 2023లో స్వర్గస్థులైరి. కడపటి నెలల వఱకు ఉదయము 7 గంటలకు ఆయన ఒడిలో పలక, దాని మీద పుస్తకము ఉండెడివి. కొన్ని దినములు పది నామములు, కొన్ని దినములు రెండు. ఆ ఆఖరి పుస్తకమున సగము గడులు ఖాళీగా నున్నవి. వ్రాసిన గడులలో నామము చదువుటకు వచ్చును.